కొత్తగా చెవి కుట్టించారా? మానేదాకా రోజూ ఒకసారి చూడండి



మీ పాపకు మొదటిసారి చెవులు కుట్టించిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. పుట్టు వెంట్రుకలు తీయించిన రోజో, మొదటి పుట్టినరోజో అయి ఉంటుంది. మేనమామ ఒళ్లో కూర్చోబెడితే ఆచారి గారు బంగారు తీగతో కుట్టేసి ఉంటారు. ఏడుపు ఆపడానికి ఎవరో నోట్లో బెల్లం ముక్క పెట్టి ఉంటారు. ఆ తర్వాత నెల రోజులు అమ్మమ్మో, నానమ్మో స్నానం చేయించేటప్పుడల్లా ఆ చెవులు చూసేవారు.

ఇప్పుడు బడికెళ్లే వయసులో రెండో కుట్టు, ముక్కు, చెవి పైభాగం కుట్టించుకునే పిల్లలు ఎక్కువయ్యారు. ఈ వయసులో వాళ్లే స్నానం చేస్తారు, వాళ్లే తల దువ్వుకుంటారు. కుట్టించిన చోట ఏం జరుగుతోందో ఇంట్లో ఎవరి కంటా పడదు. అందుకే ఈ నెల ఆరోగ్య పాఠంగా ఈ విషయం ఎంచుకున్నాం.

నాలుగు రోజులు దాచిన నొప్పి

మా క్యాంపస్‌లలో ఒకచోట తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరోజు జడలు వేసుకోకుండా, జుట్టుతో చెవి కప్పుకుని వచ్చింది. క్లాస్ టీచర్ అడిగితే తలనొప్పి అంది. హెల్త్ రూమ్‌లో నర్సు జుట్టు పక్కకు తీసి చూస్తే చెవి పైభాగం ఎర్రగా వాచిపోయి ఉంది. ముట్టుకుంటే ఓర్చుకోలేకపోయింది. చెవి తమ్మె మాత్రం మామూలుగానే ఉంది.

శనివారం బంధువుల అమ్మాయితో కలిసి ఒక దుకాణంలో చెవి పైభాగం కుట్టించుకుందట. ఇంట్లో తిడతారని నాలుగు రోజులు చెప్పలేదు. ఆ సాయంత్రమే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లారు. చిన్న ఆపరేషన్ చేసి చీము తీశారు. చాలా రోజులు మందులు వాడాల్సి వచ్చింది. చెవి నిలబడింది, కానీ అంచు కాస్త ముడుచుకుపోయింది. ఆ ముడత ఇక పోదు. తను, వాళ్ల అమ్మగారు ఒప్పుకున్నాకే, ఎవరో తెలియకుండా ఈ సంగతి రాస్తున్నాం.

తమ్మె వేరు, పైభాగం వేరు

చెవి తమ్మెలో కొవ్వు, రక్తనాళాలు ఉంటాయి. రక్తం బాగా అందుతుంది కాబట్టి గాయం 6 నుంచి 8 వారాల్లో మానుతుంది. చెవి పైభాగం మృదులాస్థి. దానికి సొంత రక్తనాళాలు లేవు. పైన అంటుకుని ఉండే పల్చటి పొర నుంచే పోషణ అందాలి. ఆ పొరకూ మృదులాస్థికీ మధ్య చీము చేరితే పోషణ ఆగిపోతుంది. అప్పుడు మృదులాస్థి చచ్చుబడి, చెవి ఆకారమే మారిపోతుంది. ఆ భాగం మామూలుగా మానడానికే కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. ముక్కు పక్క కూడా తమ్మెలా తొందరగా మానదు, నెలలు పడుతుంది.

ఇంకో తేడా ఉంది. చెవి పైభాగంలో వచ్చే ఇన్ఫెక్షన్‌కు తరచుగా కారణమయ్యేది సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా. ఇది తడి ఉన్న చోట్ల, నీళ్లలో బతుకుతుంది. ఇంట్లో మిగిలిపోయిన అమాక్సిసిలిన్ లాంటి మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగదు. కాబట్టి ‘పోయినసారి వేసిన మాత్రలు ఉన్నాయిగా’ అనుకోవద్దు.

ఏది మామూలు? ఏది ఇన్ఫెక్షన్?

కుట్టించిన మొదటి కొన్ని రోజులు ఇవి మామూలే:
• కొద్దిగా ఎరుపు, వాపు, ముట్టుకుంటే నొప్పి
• నీళ్లలాంటి, లేదా కాస్త తెల్లటి రసి కారి, ఎండి పక్కు కట్టడం
• అప్పుడప్పుడు దురద

ఇవి రోజురోజుకూ తగ్గుతూ రావాలి. అదే అసలు గుర్తు. నిన్నటి కన్నా ఈరోజు ఎక్కువగా ఉందంటే అనుమానించాలి.

ఇన్ఫెక్షన్ లక్షణాలు ఇవి:
• తగ్గిన నొప్పి మళ్లీ మొదలవడం, రాత్రిళ్లు సలపడం
• ఎరుపు రంధ్రం చుట్టూ వ్యాపించడం, ముట్టుకుంటే వేడిగా ఉండడం
• చిక్కటి పసుపు లేదా ఆకుపచ్చ చీము, చెడు వాసన
• చెవి కింద, మెడ పక్కన బిళ్ల కట్టినట్టు వాపు
• జ్వరం, చలి

రోజూ ఒకే సమయంలో, ఒకే వెలుతురులో ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టండి. ఎరుపు పెరుగుతోందో తగ్గుతోందో మూడు రోజుల ఫొటోలు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. డాక్టర్‌కూ అవి ఉపయోగపడతాయి.

అలర్జీ అయితే ఇలా ఉంటుంది

చీము లేదు, జ్వరం లేదు, నొప్పి కన్నా దురదే ఎక్కువ, రెండు చెవులకూ పొట్టు లేచినట్టు పొడిగా ఉంది... అయితే అది నికెల్ అనే లోహం పడకపోవడం కావచ్చు. గిల్టు నగల్లో, కొన్ని తెల్ల బంగారం నగల్లో నికెల్ ఉంటుంది. డాక్టర్‌కు చూపించి నగ మార్చడమే దీనికి మందు. గాయం మానేదాకా 22 క్యారెట్ల బంగారం లేదా టైటానియంతో చేసినవి పెట్టడం మంచిది. గిల్టు దుద్దులు తర్వాత చూసుకోవచ్చు.

కుట్టించే ముందు

1. సమయం చూసుకోండి. మన వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా, దాదాపు ఏడు వారాలు ఉంటాయి. తమ్మె మానడానికి కావలసిన సమయం ఇంచుమించు అదే. సెలవుల మొదటి వారంలో కుట్టిస్తే బడి తెరిచేసరికి చాలావరకు మానిపోతుంది. అయితే ఆ వేసవికి స్విమ్మింగ్ క్యాంపు మానుకోవాలి.

2. సూది చూడండి. మీ కళ్ల ముందు ప్యాకెట్ చింపి తీసిన, ఒక్కసారి మాత్రమే వాడే స్టెరైల్ సూది కావాలి. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ సోకే ప్రమాదం ఉంది. ఆచారి గారితోనే కుట్టించడం మీ ఇంటి ఆనవాయితీ అయితే మానక్కర్లేదు. కొత్త సూది, కడిగిన చేతులు, కొత్త గ్లౌజులు ఉండాలని ముందే చెప్పండి. పిల్లల డాక్టర్లు, ఈఎన్‌టీ డాక్టర్లు కూడా చాలామంది చెవులు కుడతారు.

3. గన్ విషయంలో జాగ్రత్త. ప్లాస్టిక్ భాగాలున్న గన్‌ను ఆవిరితో పూర్తిగా స్టెరిలైజ్ చేయలేరు. అది మొద్దు దుద్దును బలంగా లోపలికి నెడుతుంది. చెవి పైభాగానికి, ముక్కుకు గన్ అసలు వాడనివ్వకండి.

4. టీకాల కార్డు తీయండి. 5-6 ఏళ్లప్పుడు డీపీటీ బూస్టర్, 10 ఏళ్లకు, 16 ఏళ్లకు టీడీ టీకా పడ్డాయో లేదో చూడండి. హెపటైటిస్ బి టీకా కూడా పూర్తయి ఉండాలి.

5. పుట్టుకతో గుండె లోపం, మధుమేహం, రక్తం గడ్డకట్టని సమస్య ఉన్న పిల్లలకు ముందు డాక్టర్‌ను అడగండి. గాయాలు మానాక మచ్చ ఉబ్బి గడ్డలా పెరిగే లక్షణం మీ కుటుంబంలో ఉంటే అది కూడా చెప్పండి.

రోజూ చేయాల్సినవి

• ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చెవిని పట్టుకునే చేతితోనే ఇన్ఫెక్షన్ ఎక్కువగా వస్తుంది.
• రోజుకు రెండుసార్లు నార్మల్ సెలైన్‌తో ముందూ వెనుకా తుడవాలి. ఇది మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. లేకపోతే 250 మిల్లీలీటర్ల మరిగించి చల్లార్చిన నీళ్లలో పావు టీస్పూను ఉప్పు, అంతకు మించకుండా, కలపండి. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలపాలి.
• పక్కును గోటితో గిల్లకూడదు. తడి గాజుగుడ్డ ఒక నిమిషం అద్దితే అదే మెత్తబడి వస్తుంది.
• తర్వాత శుభ్రమైన గాజుగుడ్డతో తడి లేకుండా అద్దాలి. దూది పోగులు దుద్దుకు చుట్టుకుంటాయి కాబట్టి దూది వద్దు.
• దిండు గలీబు రెండు మూడు రోజులకోసారి మార్చాలి. తువ్వాలు, దువ్వెన ఎవరితోనూ పంచుకోకూడదు. హాస్టల్ పిల్లలకు ఇది మరీ ముఖ్యం.
• వెనుక మర బిగుతుగా ఉండకూడదు. వాపు వస్తే మర లోపలికి దిగి, చర్మం దానిమీద మూసుకుపోతుంది. అందుకే మొదట్లో కాస్త పొడుగు కాడ ఉన్న దుద్దు పెట్టించండి.

చేయకూడనివి

దుద్దును తిప్పుతూ ఉండాలని మనందరం విన్నాం. తిప్పినప్పుడల్లా లోపల కొత్తగా కట్టిన చర్మం చిరుగుతుంది, పక్కు లోపలికి పోతుంది. కదపకుండా ఉంచడమే మంచిది.

పసుపు, కొబ్బరినూనె రాయడం, దుద్దు తీసి వేప పుల్లో చీపురు పుల్లో పెట్టడం మన పెద్దవాళ్ల అలవాటు. రంధ్రం పూడిపోకూడదనే వాళ్ల ఆలోచన సరైనదే. కానీ పుల్ల స్టెరైల్ కాదు. నూనె ముద్ద రంధ్రాన్ని మూసి లోపల రసిని నిలిపేస్తుంది. నానమ్మ గారికి ఈ మాట మెల్లగా చెప్పి, శుభ్రం చేసే పని ఆవిడకే అప్పగించండి. ఆవిడ అంత శ్రద్ధగా ఇంకెవరూ చేయరు.

డెటాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ మానుతున్న చర్మాన్ని కూడా దెబ్బతీస్తాయి. మెడికల్ షాపులో అడిగి తెచ్చే ఆయింట్‌మెంట్లలో కొన్నింట్లో స్టెరాయిడ్ ఉంటుంది. పైకి ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల ఇన్ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది.

ఇన్ఫెక్షన్ అనిపిస్తే

కంగారుగా దుద్దు తీసేయకండి. తీస్తే రంధ్రం పైన మూసుకుపోయి చీము లోపలే ఉండిపోవచ్చు. తీయాలో వద్దో డాక్టర్ చెప్పాలి. తమ్మె దగ్గర కొద్దిపాటి ఎరుపు, రసి మాత్రమే ఉంటే సెలైన్‌తో రోజుకు రెండు మూడుసార్లు శుభ్రం చేస్తూ ఒకటి రెండు రోజులు గమనించవచ్చు. తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి.

కింది వాటిలో ఏది కనిపించినా ఆ రోజే వెళ్లండి:
• చెవి పైభాగంలో వాపు, ఎరుపు, నొప్పి. తమ్మె మామూలుగా ఉన్నా సరే.
• జ్వరం, లేదా పిల్లలు బాగా నీరసంగా ఉండడం
• ఎరుపు మొహం వైపు, మెడ వైపు పాకడం
• మర లేదా దుద్దు చర్మంలోకి దిగిపోవడం

పరీక్షలున్నాయనో, ఆదివారం చూద్దామనో ఆగకండి. పరీక్ష మళ్లీ రాసుకోవచ్చు.

బడికి చెప్పండి, పిల్లల్ని అడగండి

చెవి, ముక్కు కుట్టించినప్పుడు డైరీలో ఒక్క మాట రాసి పంపండి. మానేదాకా స్విమ్మింగ్ పీరియడ్ నుంచి మినహాయింపు ఇస్తాం. పీటీలో చెవికి దెబ్బ తగలకుండా చూస్తాం. హాస్టల్ పిల్లలైతే వార్డెన్‌కు చెప్పండి. హెల్త్ రూమ్‌లో శుభ్రం చేయడానికి నర్సు సాయం చేస్తారు.

చివరిగా ఒక్క మాట. ఆ అమ్మాయి పోగొట్టుకున్నది నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ భయంతోనే పోయాయి. మీకు ఇష్టం లేని చోట మీ పిల్లలు కుట్టించుకుని రావచ్చు. కోపం రావడం సహజం. కానీ ముందు చెవి చూడండి, కోప్పడడం గాయం మానాక కూడా వీలవుతుంది. ‘నొప్పి ఉంటే నాకు చెప్పు, అప్పుడు తిట్టను’ అని ఈరోజే చెప్పి ఉంచండి.

రేపు పొద్దున జడ వేసేటప్పుడు ఒక్క క్షణం ఆగి, చెవి ముందూ వెనుకా చూడండి. అబ్బాయిలవి కూడా.

— విద్యార్థి ఆరోగ్య విభాగం