చమురు పొయ్యి ఆరిన ఇల్లు

చలి అనగానే దుప్పటియో కుంపటియో గుర్తుకు వచ్చే తెలుగువారికి ఇంటిని వెచ్చగా ఉంచుకోవడం పెద్ద సమస్యగా తోచదు. ఉత్తర ఐరోపాలోని నార్వే దేశంలో అది ప్రాణావసరం. అక్కడి శీతకాలం నెలల తరబడి సాగుతుంది. లోతట్టు ప్రాంతాలలో ఉష్ణోగ్రత సున్నాకు ఇరవై డిగ్రీల దిగువకు పడిపోవడం అరుదు కాదు. ఇల్లు చల్లబడితే గొట్టాలలోని నీరు సైతం గడ్డకడుతుంది.

జలవిద్యుత్తు సమృద్ధిగా లభించే ఆ దేశంలో అధిక సంఖ్యాకులు విద్యుత్ హీటర్లనే వాడేవారు. అయినా పాత ఇళ్ళలో, పాఠశాలలలో, కార్యాలయాలలో చమురు బాయిలర్లు చాలాకాలం నిలిచి ఉన్నాయి. పెరటిలో పాతిపెట్టిన ట్యాంకు నుండి వచ్చే చమురు బాయిలర్‌లో మండి నీటిని కాస్తుంది. ఆ వేడినీరు గొట్టాల ద్వారా గదిగదికీ ప్రవహిస్తుంది. సౌకర్యం బాగానే ఉంది. కాని ఒక్క లీటరు చమురు మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ వెలువడుతుంది. లీటరు చమురు కిలో బరువైనా తూగదే, ఇంత వాయువు ఎక్కడిదని సందేహం కలగవచ్చు. చమురులోని కర్బనం గాలిలోని ఆక్సిజన్‌తో కలవడమే దీనికి కారణం. ఇదిగాక, పాత ట్యాంకులు తుప్పుపట్టి చమురు నేలలోకి ఇంకేది.

ఈ బాయిలర్‌కు ప్రత్యామ్నాయంగా నిలిచినది హీట్ పంప్. రిఫ్రిజిరేటర్ తన లోపలి వేడిని వెలుపలికి నెట్టివేస్తుంది. హీట్ పంప్ వెలుపలి వేడిని ఇంటిలోకి చేరుస్తుంది. గడ్డకట్టే చలిలోనూ గాలిలో, నేలలో కొంత వేడి ఉంటుంది. అది వేడిని సృష్టించదు, తరలిస్తుంది; కావున ఒక యూనిట్ విద్యుత్తుతో సుమారు మూడు యూనిట్ల వేడిని అందించగలదు. చలి తీవ్రమైన కొద్దీ గాలి నుండి వేడిని గ్రహించే యంత్రాల సామర్థ్యం తగ్గుతుంది. డ్రామెన్ పట్టణంలో సముద్రపు పాయ నుండి వేడిని గ్రహించే భారీ హీట్ పంపులు అనేక భవనాలకు వేడినీటిని పంపుతున్నాయి.

భవనాలను వేడిచేయడానికి ఖనిజ తైలాన్ని వాడరాదని నార్వే ప్రభుత్వం 2018లో నిబంధన చేసింది. అది 2020 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. కిరోసిన్ పొయ్యిలకు కూడా నిషేధం వర్తించింది. ఆసుపత్రులకు, వ్యవసాయ భవనాలకు మరికొంత గడువు లభించింది. నిషేధానికి ముందే, పాత బాయిలర్‌ను తొలగించేవారికి ప్రభుత్వ సంస్థ ఎనోవా ఆర్థిక సహాయం అందించింది. ఆజ్ఞ కన్న ముందు ఆసరా చూపడం ఇందులోని వివేకం.

ఇందులో ఒక వైరుధ్యం లేకపోలేదు. 1969లో ఉత్తర సముద్రంలో ఎకోఫిస్క్ చమురు క్షేత్రం బయటపడిన తరువాత నార్వే సంపన్న దేశమైంది. తన ఇళ్ళలో నిషేధించిన చమురును అది ఇతర దేశాలకు విక్రయిస్తూనే ఉంది. ఎవరి పొయ్యిలో మండినా ఆ పొగ చేరేది ఒకే వాతావరణంలోకి. ఈ విమర్శ న్యాయమైనదే. అంతమాత్రాన ఆరిన బాయిలర్ల వలన కలిగిన మేలు అబద్ధం కాదు.

పేదల భారం మరొక చిక్కు. 2021లో దక్షిణ నార్వేలో విద్యుత్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఆ ఏడాది డిసెంబరు నుండి ప్రభుత్వం గృహస్థుల విద్యుత్ బిల్లులలో కొంత భాగాన్ని తానే భరించవలసి వచ్చింది. అంతటి ధరలలోనూ, అంతే వేడికి సాధారణ విద్యుత్ హీటర్ కోరే కరెంటు కన్న హీట్ పంప్ కోరేది తక్కువే.