ఇంటి ముంగిటి క్షేత్రము

దూరప్రాంతమునుండి తిరుపతికి వచ్చు యాత్రికుడు రైలు దిగిన క్షణమునుండియే యాత్రను ఆరంభించును. స్టేషనుకు చేరువనే శ్రీ గోవిందరాజస్వామివారి ఏడంతస్తుల రాజగోపురము కనబడగానే అతని చేతులు తమంతట తామే జోడింపబడును. అదే గోపురము నీడలో దినదినము దుకాణము తెరచువారును, దాని ప్రక్కనుండి కార్యాలయమునకు పోవువారును తలయెత్తి చూచి ఎన్నాళ్ళయినదో! “మన ఊరే కదా, ఎప్పుడైనను పోవచ్చును” అను ఒక్క మాటతో ఏండ్లు గడచిపోవును. కాశీ, రామేశ్వరము సేవించి వచ్చిన గృహస్థులు తమ వీధి చివరి కోవెలలోని సన్నిధులెన్నియో చెప్పలేకపోవుట అరుదు కాదు.

ఈ లోపమునకు మందు ఒక్కటే: స్వస్థలమును ఒకమారు యాత్రికుని కన్నులతో చూచుట. దానిని ఎట్లు చేయవలెనో తిరుపతి పట్టణమును ఉదాహరణముగా గైకొని విచారింతము.

సౌలభ్యమును ఉపేక్షింపరాదు

భగవంతుడు పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చారూపములతో ఐదు విధములుగా వేంచేసియున్నాడని మన సిద్ధాంతము. శ్రీ పిళ్ళై లోకాచార్యులు శ్రీవచనభూషణమున ఈ ఐదింటిని దప్పిగొన్నవానికి గల నీటి వసతులతో పోల్చిరి. పరత్వము బ్రహ్మాండమును ఆవరించిన జలము వంటిది. వ్యూహము పాలకడలి. విభవావతారములు వరదతో పారిన యేరు. అంతర్యామిత్వము భూగర్భజలము, దానిని పొందుటకు త్రవ్వవలెను. అర్చావతారమన్ననో, ఆ యేటి నీరు నిలిచిన మడుగు. వంగి దోసిలి పట్టినచో చాలును.

అయితే మడుగు ఒడ్డున ఇల్లుగలవానికి ఒక ప్రమాదము కలదు. దాహము పుట్టకముందే నీరు కంటబడుచుండుటచే అతడు నీటి విలువను మరచును. స్వామి మన కొరకు సులభుడై దిగివచ్చినాడు. ఆ సౌలభ్యమే మన ఉపేక్షకు కారణమైనచో నష్టము ఎవరిది?

క్షేత్రవాసులందరును ఇట్లే యుండిరని కాదు. తిరుమలనంబి కొండపై నివసించుచు ప్రతిదినము దూరమునుండి స్వామి తిరుమంజనమునకు తీర్థము మోసికొని వచ్చెను. అనంతాళ్వారు పూదోట పెంచి పుష్పకైంకర్యము చేసెను. వారికి క్షేత్రము ఎన్నడును పాతబడలేదు. ఏలయన, వారు దానిని నిత్యము ఒక పనితో, ఒక ప్రేమతో సమీపించిరి.

మొదటి దినము: పట్టణ మధ్యము

యాత్ర చేయదలచిన గృహస్థుడు ఒక దినమును నిశ్చయించుకొని, పిల్లలను, పెద్దలను వెంటబెట్టుకొని, ప్రాతఃకాలముననే స్నానముచేసి, పరస్థలమునకు పోవువానివలె సంకల్పము చెప్పుకొని బయలుదేరవలెను. అంగడి పనిని, ఇతరుల ఇండ్ల పలకరింపులను ఆ దినము కలుపుకొనరాదు.

ముందుగా శ్రీ గోవిందరాజస్వామి ఆలయము. చిదంబరమున స్వామికి ఉపద్రవము వాటిల్లినపుడు ఉత్సవమూర్తిని ఇచటికి తెచ్చిరనియు, శ్రీ రామానుజాచార్యులు 1130లో ప్రతిష్ఠ గావించిరనియు సంప్రదాయము చెప్పుచున్నది. ఆలయము చుట్టును మాడవీధులు, వాటి చుట్టును పట్టణము పెరిగినవి. కావున మనము నిత్యము నడచు వీధులు ఆలయమునకు దారులు మాత్రమే కావు. ఆలయమే వాటికి పుట్టినిల్లు. వెలుపలి గోపురమును మట్లి అనంతరాజు నిర్మించెను. ఆ ద్వారమున నిలిచి ఇరుప్రక్కల గోడలను చూచినచో రామాయణ ఘట్టములును, రాణులతో కూడిన ఆ రాజు ప్రతిమలును కానవచ్చును. నిత్యము ఆ ద్వారముగుండ పోవువారిలో ఎందరు అచట ఒక నిమిషము నిలిచిరి?

లోపల శయనించియున్న స్వామి తలక్రింద కుంచము ఉండుటకు పెద్దలు ఒక కథ చెప్పుదురు. కుబేరుని అప్పు తీర్చుటకై తమ్ముని కానుకలను కొలిచి కొలిచి అలసి, ఆ కుంచమునే తలగడగా చేసికొని స్వామి విశ్రమించెనట. ఈ కథను సన్నిధి యెదుటనే అవ్వనోట మనుమడు వినవలెను. పుస్తకమున చదివినది మరపునకు వచ్చును. అచట విన్నది మరువబడదు. శ్రీ పార్థసారథిస్వామి, ఆండాళ్ సన్నిధులను కూడ సేవించి, పిమ్మట శ్రీ కోదండరామస్వామివారి ఆలయమునకు, ఎదుటనున్న ఆంజనేయస్వామి సన్నిధికి పోవలెను.

రెండవ దినము: కొండ పాదము

రెండవమారు కపిలతీర్థమునకు పోవలెను. కొండపైనుండి జాలువారు జలపాతము, క్రింద కోనేరు, ఒడ్డున కపిలేశ్వరుని ఆలయము. శైవులు కపిలతీర్థమనిన ఈ స్థలమును వైష్ణవులు ఆళ్వారు తీర్థమనియు, చక్రతీర్థమనియు వ్యవహరించిరి. ఒకే నీటికి రెండు సంప్రదాయముల వారు భక్తితో పేర్లు పెట్టుకొని కలసి స్నానమాడుట ఈ పట్టణము మనకు నేర్పు గొప్ప పాఠము. కోనేటి చుట్టునున్న సంధ్యావందన మండపములు విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయల కాలపు కైంకర్యము.

అచటినుండి అలిపిరి. పాదాల మండపమున భక్తులు స్వామి పాదుకలను శిరమున ధరించి ప్రదక్షిణము చేయుదురు. ఆవల తలయేరుగుండు కలదు. భక్తులు తలను, మోకాళ్ళను ఆనించి మ్రొక్కిన గుర్తులు ఆ బండపై కానవచ్చును. ఎన్ని తరముల మ్రొక్కులో! ఈ కొండ పాదముననే తిరుమలనంబి తన మేనల్లుడైన రామానుజులకు ఏడాదికాలము శ్రీరామాయణ రహస్యములను ఉపదేశించెనని గురుపరంపరా గ్రంథములు చెప్పుచున్నవి. ఇచటినుండి సుమారు 3,550 మెట్లు తిరుమలకు చేర్చును. వాహనములపై పలుమార్లు కొండకు పోయిన స్థానికుడు ఒక్కమారైనను ఈ మెట్లను పాదములతో ఎరుగవలెను. ఆరోగ్యము అనుమతింపనివారు మొదటి మెట్టును తాకి నమస్కరించినను చాలును.

మూడవ దినము: పరిసరములు

మూడవమారు తిరుచానూరు. శ్రీ పద్మావతీ అమ్మవారి పద్మసరోవరము, కార్తిక మాసమున పంచమీతీర్థపు వైభవము జగద్విదితములు. ఆ గ్రామమున పల్లవుల కాలపు శాసనములు కూడ లభించినవి. పడమట శ్రీనివాస మంగాపురమున కల్యాణవేంకటేశ్వరుడు వేంచేసియున్నాడు. పెండ్లియైన పిదప స్వామి అమ్మవారితో కూడ ఆరు నెలలు అచట నివసించెనని స్థలపురాణము. కొండకు పోవు మరియొక ప్రాచీనమైన సోపానమార్గము, శ్రీవారి మెట్టు, ఆ చేరువననే కలదు.

చూచు విధానము

ఈ యాత్రకు నాలుగు నియమములు చాలును. మొదటిది, నడచుట: వాహనమునకు కనబడనివి పాదచారికి కనబడును. రెండవది, ప్రశ్నించుట: అర్చకస్వామిని, పూలు అమ్ము అవ్వను, భజన గోష్ఠిలోని వృద్ధుని అడుగుటకు స్థానికునికి సిగ్గు పనికిరాదు. మూడవది, చదువుట: తిరుమల తిరుపతి ఆలయముల శాసనములను దేవస్థానము 1930వ దశకమున సంపుటములుగా ప్రకటించినది. వాటిలో రాజులు మాత్రమే కాదు. దీపమునకు, నైవేద్యమునకు, తోటకు తమకు కలిగినది సమర్పించిన సామాన్యులును కలరు. నాలుగవది, సేవించుట: కోనేట చెత్త వేయకుండుట, చెక్కిన అక్షరములపై సున్నము, పసుపు పూయకుండుట, దారి తెలియని యాత్రికునికి నాలుగడుగులు తోడు నడచుట. ఇవియు కైంకర్యములే.

ఇందువలన కలుగు లాభము మనతో ముగియదు. నేడు మన పిల్లలు చదువులకు, ఉద్యోగములకు దూరదేశములకు పోవుచున్నారు. “మీది తిరుపతియా!” అని అచటివారు ఆదరముతో అడిగినపుడు వారు చెప్పవలసిన మాట మనము ఈనాడు వారి చేయి పట్టి చూపినదే. చూపనిచో ఊరి పేరు మాత్రము వారితో పోవును, ఊరు పోదు. గోపురపు గోడపై రాజెవరో, కుంచము కథ ఏమో ఎరుగని తరము ఒక్కటి నడుమ వచ్చినచో, ఆ పిమ్మటి తరమునకు చెప్పువారే ఉండరు.

తిరుపతివారికి చెప్పినది అందరికిని చెల్లును. విశాఖపట్టణవాసికి సింహాచలము, విజయవాడవాసికి మంగళగిరి చేరువనే కలవు. ఏ దివ్యక్షేత్రమును సమీపమున లేని పల్లెలోనైనను ఒక రామాలయము, దానిని కట్టించినవారి కథ, రామనవమినాడు పందిరి వేయు కుటుంబము ఉండక పోవు. కులశేఖరాళ్వారు రాజ్యము గలవాడయ్యును తిరుమలేశుని కోవెలలో మెట్టుగా పడియుండ కోరెను. ఆయన అంతగా కోరిన సామీప్యము మనకు అడుగకయే లభించినది. ఈ మాసముననే ఒక ఏకాదశినాడో, ఒక శనివారమునాడో ఇంటిల్లిపాదియు మన ఊరికి యాత్ర సాగింతుము గాక! సర్వసులభుడైన శ్రీనివాసుడు మన కన్నులకు ఆ క్రొత్తదనమును అనుగ్రహించు గాక!