పోటీ పరీక్షల ప్రత్యేకం: విశ్వాసం, అర్థశాస్త్రం, శాంతి

నెల్లూరు తీరప్రాంతంలో పెన్నా ఒడ్డున పల్లిపాడులోని పినాకిని సత్యాగ్రహ ఆశ్రమాన్ని గాంధీజీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించారు. అక్కడ నూలు వడికిన రాట్నం వెనకున్న ఆలోచనను అర్థశాస్త్రంగా మలచినవారు జె.సి. కుమారప్ప.

ముఖ్యాంశాలు

• జననం: 1892, తంజావూరు, క్రైస్తవ కుటుంబం. ఉన్నత విద్య: కొలంబియా విశ్వవిద్యాలయం.
• 1934లో వార్ధాలో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘానికి కార్యదర్శి.
• జైలులో రాసిన రెండు పుస్తకాలు 1945లో వెలువడ్డాయి. ఒకటి క్రీస్తు బోధలపై, రెండోది శాశ్వత ఆర్థిక వ్యవస్థపై. రెండింటికీ ముందుమాట గాంధీజీదే.
• వాదన: దూరదేశాల ముడిసరుకు, మార్కెట్లపై ఆధారపడిన భారీ ఉత్పత్తికి సైన్యం అండ కావాలి, అదే యుద్ధానికి దారి. స్థానిక ఉత్పత్తి శాంతికి పునాది.
• ఆర్థిక వ్యవస్థలు ఐదు: పరాన్నభుక్కు, దోపిడీ, స్వయంకృషి, సమష్టి, సేవ. అత్యున్నతం సేవ, దానికి ప్రతీక తల్లి ప్రేమ.
• మరణం: 1960 జనవరి 30, గాంధీజీ వర్ధంతి రోజు.

పోలిక: కుమారప్పలాగే విశ్వాసాన్ని, అర్థశాస్త్రాన్ని, శాంతిని కలిపినవారు క్వేకర్ (యుద్ధాన్ని వ్యతిరేకించే క్రైస్తవ శాఖ) విశ్వాసి, శాంతి అధ్యయనాలకు బాట వేసిన ఆర్థికవేత్త కెన్నెత్ బౌల్డింగ్.

గుర్తుంచుకోండి: పొరుగువాణ్ని ప్రేమించమన్న బోధను కుమారప్ప ప్రార్థనకే పరిమితం చేయలేదు, మనం కొనే ప్రతి వస్తువుకూ వర్తింపజేశారు.