పగడాల తొట్టెలో నీటి కదలిక: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: అయ్యా, హ్యూస్టనులోని మా ఇంట 75 గాలనుల ఉప్పునీటి అక్వేరియం కలదు. పొడవు నాలుగడుగులు. రాళ్ళను వెనుక అద్దమునకు ఆనించి గుట్టగా పేర్చితిని. క్రిందనున్న వడపోత తొట్టె (సంపు) నుండి పంపు గంటకు 600 గాలనుల నీటిని పైకి తెచ్చుచున్నది. అయినను రాళ్ళ వెనుక మడ్డి పేరుకొనుచున్నది. ఇసుకపై ఎఱ్ఱని జిగురుపొర క్రమ్ముచున్నది. ఎక్రోపోరా అను పగడపు కొమ్మలు మొదళ్ళనుండి తెల్లబడుచున్నవి. ఇంకను పెద్ద పంపు కొనవలయునా?

జవాబు: కొనవలదు. సంపునుండి నీటిని తెచ్చు పంపు వడపోతకు సేవచేయునదే కాని పగడములకు ప్రవాహము కల్పించునది కాదు. మీ లెక్క ప్రకారము నీరు గంటకు ఎనిమిది మారులు తిరుగుచున్నది. 600 అనునది పెట్టెపై ముద్రించిన అంకెయే యైనచో, నీరెక్కవలసిన ఎత్తును, గొట్టముల వంపులను బట్టి అదియు తగ్గును. మెత్తని పగడములకు పది నుండి ఇరువది మారులు చాలునుగాని, అలలు విరుగు దిబ్బల అంచులలో పెరుగు ఎక్రోపోరాకు నలువదికి తక్కువ పనికిరాదని పెంపకందార్ల అనుభవము.

చేపకు మొప్పలున్నవి, ఈదుటకు రెక్కలున్నవి. పగడమునకు ఈ రెండును లేవు. దాని దేహము నంటియుండు నిశ్చలజలపు పలుచని పొరగుండనే నీట కరగిన ఆహారము లోనికిని, మాలిన్యము వెలుపలికిని మెల్లగా వ్యాపింపవలసియున్నది. ప్రవాహము చురుకైనకొలది ఆ పొర పలుచనగును. పగటివేళ పగడపు కణజాలమున నివసించు సూక్ష్మశైవలములు వెలుతురును గ్రహించి పుట్టించు ప్రాణవాయువు సయితము బయటికి పోవు త్రోవలేక మితిమీరి నిలిచినచో కిరణజన్య సంయోగక్రియకే అడ్డు తగులునని, నీటి కదలిక ఆ వాయువును తోడివేయుటచేతనే ఆ క్రియ వృద్ధిపొందునని 2010లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దీపములకు వెచ్చించు ధనములో కొంతయైనను ప్రవాహమునకు వెచ్చింపని వాని వెలుతురు వ్యర్థమనియే నా నిశ్చయము.

కావున గంటకు 1500 గాలనులు కదల్చు వేవ్ మేకర్లు రెండు తెచ్చి, తొట్టె రెండు కొసలయందును నీటిమట్టమునకు కొంచెము దిగువగా బిగించి, రెండు ధారలును నడుమ ఢీకొని చెదరునట్లును, ఒకటి హెచ్చినపుడు రెండవది తగ్గునట్లును అమర్పుడు. ఏ ధారయు దగ్గరనుండి సూటిగా పగడముపై పడరాదు. పడినచో మాంసము ఒలిచికొనిపోయి అస్థిపంజరము మిగులును. పైనీరు ఎల్లప్పుడు చిన్న తరగలతో కదలుచుండవలెను. వాయువుల రాకపోకలు అచ్చటనే జరుగును.

అంతకంటె ముఖ్యమైనది రాళ్ళ అమరిక. ఎదురెదురు కిటికీలు లేని గదిలోనికి గాలి చొరనట్లే, అద్దమునకు ఆనిన గుట్టలోనికి నీరు చొరదు. రాళ్ళను నాలుగైదు అంగుళములు ముందునకు జరిపి, నడుమ సందులు విడువుడు. ఎఱ్ఱని జిగురు సయనోబాక్టీరియా. దానిని గొట్టముతో పీల్చివేసి, చేపల మేత తగ్గింపుడు. మొదళ్ళు తెల్లబడుటకు కారణములు పెక్కు గనుక నీటి క్షారతను కూడ పరీక్షింపుడు.

ప్రశ్న: నా తొట్టెలోని హామర్ కోరల్ అను పగడము ఎల్లపుడు ఒకే ప్రక్కకు ఒరిగియున్నది. ఇది మంచి ప్రవాహమునకు గుర్తేనా?

జవాబు: కాదు. దాని స్పర్శకములు ఊగి మరల నిలువవలెను. ఒకే వైపునకు అణగియుండి, రెండవ వైపున అస్థి అంచు కనబడుచున్నచో ధార దానికి మితిమీరినదన్నమాట. రాతి చాటునకు, అడుగుభాగమునకు దింపుడు. పంపును మాత్రము తగ్గింపకుడు, పైనున్న ఎక్రోపోరాకు ఆ వేగము కావలయును.

ప్రశ్న: ఏమియు మార్చకున్నను కొన్ని నెలలకే నీటి వేగము తగ్గినది. ఏల?

జవాబు: పంపు లోపలి రెక్కలపై సున్నపు పెచ్చు పట్టియుండును. ప్లగ్గు తీసి, పంపును విప్పి, సమభాగముల వెనిగరు, నీరు కలిపి అందు నానబెట్టి, బ్రష్షుతో తోమి, మంచినీట కడిగి బిగింపుడు. మూడు నెలల కొకమారైన ఇది జరుగవలెను.

కడపటి హెచ్చరిక: విద్యుత్తు పోయి పంపులు నిలిచినపుడు పగడములును, చేపలును ప్రాణవాయువు చాలక కొలది గంటలలోనే మరణింపవచ్చును. అట్లాంటిక్ తుపానుల కాలము జూన్ 1న మొదలగును. హ్యూస్టను పరిసరములలో పగడములు పెంచు తెలుగువారందరు అంతకు ముందే బ్యాటరీతో నడచు గాలిపంపు నొకదానిని ఇంట నుంచుకొన ప్రార్థన.