నంబర్లు ఎక్కడున్నాయి? ఆసుపత్రి ఏ ఒడ్డున ఉంది?

సందేహం: కొత్త ఫోను కొన్నాను. షాపు కుర్రాడు పాత నంబర్లు ఎక్కించాడు గానీ సగమే వచ్చాయి. వచ్చినవాటిలోనూ పేర్లు తెగిపోయాయి. వెంకటేశ్వరరావు గారు 'వెంకటే' దగ్గరే ఆగిపోయారు. మిగతావి పోయినట్టేనా?
– ఒక రైతు, పెనుగొండ

సమాధానం: పోలేదండీ. పాత ఫోను ఎవరికీ ఇచ్చేయకండి, చెరపనివ్వకండి. నంబర్లు ఉండే చోట్లు మూడు: సిమ్, ఫోను, జీమెయిల్ అకౌంట్. షాపు కుర్రాడు సిమ్‌లోవి మాత్రమే లాగినట్టున్నాడు. సిమ్ బాగా ఇరుకు. చాలా సిమ్‌లలో 250 నంబర్లకే చోటుంటుంది, పేరుకీ కాస్తే జాగా. తెలుగులో రాస్తే అది ఇంకా తగ్గుతుంది. గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ ఫోనుకు విడివిడి లెక్క. వెంకటేశ్వరరావు మనకి ఏడక్షరాలు, ఫోనుకి పద్నాలుగు. అంతమాత్రాన తెలుగులో రాయడం మానకండి. సిమ్‌లో దాచడం మానండి.

పాత ఫోనులో గూగుల్ కాంటాక్ట్స్ యాప్ తెరిచి, పైన మీ ఫొటో నొక్కండి. యాప్ సెట్టింగ్స్‌లో గూగుల్ కాంటాక్ట్స్ సింక్ సెట్టింగ్స్‌కి వెళ్ళి 'ఆల్సో సింక్ డివైస్ కాంటాక్ట్స్' ఆన్ చేయండి. ఫోనులో ఉండిపోయినవి అకౌంట్‌లోకి ఎక్కుతాయి. సిమ్‌లోవి ఆర్గనైజ్‌లో 'మేనేజ్ సిమ్' నుంచి ఇంపోర్ట్ చేసుకోవచ్చు. తర్వాత కొత్త ఫోనులో అదే జీమెయిల్‌తో లాగిన్ అయితే అన్నీ వాటంతటవే దిగుతాయి.

అసలు జాగ్రత్త ఇక్కడే. ఆ జీమెయిల్ మీదేనా, కొన్నరోజు షాపులో అప్పటికప్పుడు సృష్టించినదా? పాస్‌వర్డు మీకు తెలియని అకౌంట్‌లో నంబర్లు దాచడమంటే తాళంచెవి పరాయివాళ్ళ చేతిలో పెట్టడమే. ఈరోజే పాస్‌వర్డు మార్చి, ఇంట్లో భద్రమైన పుస్తకంలో రాసుకోండి. రికవరీ నంబరుగా మీదో, మీ అబ్బాయిదో ఇవ్వండి.

సందేహం: ఒక్కో పేరు మూడేసిసార్లు కనిపిస్తోంది. తీసేస్తుంటే కావలసినదే పోయింది.
– ఉపాధ్యాయిని, తణుకు

సమాధానం: ఆర్గనైజ్‌లో 'ట్రాష్' చూడండి. గూగుల్ అకౌంట్ నుంచి తీసేసిన నంబరు 30 రోజులు అక్కడే ఉంటుంది. ఒకే పేరు పదేపదే ఉంటే 'మెర్జ్ అండ్ ఫిక్స్' కలిపేస్తుంది. కానీ నలుగురు శ్రీనులున్న ఇంట్లో చూసి నొక్కాలి. ముందే 'శ్రీను అత్తిలి', 'శ్రీను పాలు' అని రాసుకుంటే ఏ తంటా ఉండదు.

సందేహం: మా అబ్బాయి కువైట్ వెళ్ళాడు. వాడి ఫోనులో మా నంబర్లున్నాయి కానీ చేస్తే కలవడం లేదట.
– ఒక తల్లి, రాజోలు

సమాధానం: నంబరుకి ముందు +91 చేర్చమనండమ్మా. అది లేకపోతే ఫోను దాన్ని కువైట్ నంబరనుకుంటుంది. ఊరు దాటేవాళ్ళు విమానం ఎక్కకముందే ఈ పని చేసుకోవాలి.

సందేహం: మాది సఖినేటిపల్లి. దగ్గర్లో ఆసుపత్రి అని మ్యాప్‌లో వెతికితే నరసాపురంలోవి చూపిస్తోంది. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు

సమాధానం: మ్యాప్ చెప్పింది అబద్ధం కాదు. నరసాపురం మీకు ఎదురుగానే ఉంది, కానీ మధ్యలో గోదావరి పాయ వశిష్ఠ ఉంది. పంటు దొరికితే కాసేపట్లో అవతల ఉంటారు. లేకపోతే దిండి దాకా వెళ్ళి, చించినాడ వంతెన దాటి, పాలకొల్లు మీదుగా మళ్ళీ కిందికి రావాలి. అందుకే జాబితా చూసి బయల్దేరకుండా 'డైరెక్షన్స్' నొక్కి దారి నది దాటుతోందా చూడండి. జాబితాలో మొదటిది దగ్గరిదే కానక్కర్లేదు. పేరున్నవీ పైకొస్తాయి, 'స్పాన్సర్డ్' అని ఉన్నది ప్రకటన.

మీకు రాజోలు వెళ్ళడానికి ఏ పాయా దాటక్కర్లేదు. అమలాపురమైతే వైనతేయ దాటాలి, దానికి బోడసకుర్రు దగ్గర వంతెన ఉంది. ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకి చేరి మొదటి హెచ్చరిక ఇచ్చారంటే, ఇక పంటుని లెక్కలోంచి తీసేసి దారి చూసుకోండి. ప్రాణం మీదికొస్తే మ్యాప్ తెరవకండి, 108కి ఫోన్ చేయండి.

ఇంకో మాట. వానాకాలానికి ముందే వైఫై ఉన్నచోట, మ్యాప్స్‌లో మీ ఫొటో నొక్కి 'ఆఫ్‌లైన్ మ్యాప్స్'లో రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా గడి లాగి దింపుకోండి. సిగ్నల్ పోయినా ఉపగ్రహాల నుంచి జీపీఎస్ అందుతుంది, కారు దారి చూపిస్తుంది. ట్రాఫిక్ మాత్రం చూపదు. 2027 గోదావరి పుష్కరాల రద్దీలో నెట్ మొరాయించినా ఇదే ఆదుకుంటుంది.

సందేహం: మాది ముమ్మిడివరం దగ్గర లంక. డోర్ నంబరు చెప్తే పార్సిల్ కుర్రాడికి ఇల్లు దొరకదు.
– ఒక గృహిణి

సమాధానం: తపాలా శాఖ 2025లో డిజిపిన్ తెచ్చింది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోవారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ కలిసి చేసినది. దేశమంతటినీ సుమారు నాలుగేసి మీటర్ల గళ్ళుగా కోసి, ఒక్కో గడికి పది అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తు ఇచ్చారు. మీ అరుగుకీ ఒకటుంది. తీసి రాసిపెట్టుకోండి. ఈలోగా వాట్సాప్ చాలు. చెట్ల కింద కాకుండా ఆరుబయట నిలబడి 'సెండ్ యువర్ కరెంట్ లొకేషన్' దగ్గర ఎన్ని మీటర్ల తేడా ఉందో చూడండి. అది పదికి దగ్గరపడేదాకా ఆగి పంపండి. 'లైవ్ లొకేషన్' పంపకండి, అది మీరు ఎటు కదిలినా చూపిస్తుంది. ఇంటి గుర్తుతోపాటు రేవు గుర్తు కూడా పంపండి, బండి ఆపాల్సింది అక్కడే కదా. పడవ దాటించే మనిషి నంబరూ జతచేయండి.