టేకు ఆకు తినే పురుగును గుర్తించుట

గట్లపై టేకు నాటిన రైతులకు తొలకరిలో ఒక బెంగ కలుగుచుండును. లేత ఆకులతో కళకళలాడిన చెట్లు కొలది రోజులలో మోడులై నిలుచును. రైతు కంగారుపడి మందు తెచ్చి చల్లును. అప్పటికే పురుగు చెట్టు దిగిపోయి యుండును. కావున మందుకన్న ముందు పురుగును తెలిసికొనవలెను.

గుర్తులు

టేకుపై ముఖ్యమైన పురుగులు రెండు. మొదటిది ఆకు తినే పురుగు. ఇది లేత చిగుళ్లపై వచ్చి, పెద్ద ఈనెలు తప్ప ఆకంతయు తినివేయును. దీని తల్లి పురుగు రెక్కలు చాచిన అంగుళమున్నర యుండును. ముందు రెక్కలు బూడిద కలిసిన గోధుమరంగు. వెనుక రెక్కలు నలుపు. వానిపై నారింజరంగు మచ్చలుండును. వాలినపుడు ముందు రెక్కలు ఈ మచ్చలను కప్పివేయును గనుక, రెక్క విప్పి చూడవలెను.

రెండవది వానాకాలము చివర ముదురాకులపై వచ్చును. ఇది సన్నని ఈనెలను సైతము విడిచి పచ్చదనమునే గీకి తినుటచే ఆకు జల్లెడవలె అగును. దీని తల్లి పురుగు చిన్నది; పసుపు రెక్కలపై ఎర్రని వంకర గీతలుండును.

జీవిత దశలు

ఆకు తినే పురుగు లేత ఆకులపై ఈనెల ప్రక్కన ఒక్కొక్క గ్రుడ్డే పెట్టును. రెండు మూడు రోజులలో పిల్లపురుగులు వెలువడును. కొంత పెరిగిన పురుగు ఆకు అంచును కత్తిరించి, మడిచి, దారముతో అతికించి, అందు దాగి తినును. సుమారు రెండు వారములలో పూర్తిగా పెరిగి, దారముపై నేలకు దిగి, రాలిన ఆకులలో నిద్రావస్థ చెందును. మరి వారమునకు తల్లి పురుగగును.

నష్టము

చెట్టు చావదు, మరల చిగిర్చును. కాని ఎదుగుదల పోవును. కేరళలోని నిలంబూరు లేత టేకు తోటలలో జరిపి 1985లో ప్రకటించిన పరిశోధనలో, ఈ పురుగు వలన కలప పెరుగుదల 44 శాతము తగ్గినట్లు తేలినది. జల్లెడ చేయు పురుగు వలన చెప్పుకోదగిన నష్టము కనిపించలేదు.

రైతులు చేయవలసినది

చిగురు వేసిన నాటినుండి వారమునకు రెండుమార్లు ఆకులు చూడుడు. చిన్న మొక్కలపై మడతలు కనిపించిన విప్పి పురుగులను ఏరి చంపుడు. పెద్ద చెట్లపై కనిపించిన, పురుగు చిన్నదిగా నున్నపుడే వ్యవసాయ విస్తరణాధికారికి తెలుపుడు. మోడైన చెట్టుపై మందు చల్లి డబ్బు పోగొట్టుకొనకుడు.