రిపోర్టులన్నీ నార్మల్... మరి ఆ దడ?

రాత్రి పదకొండు దాటాక ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది. ఒళ్లంతా చెమటలు. ఊపిరి అందదు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ‘అయిపోయింది, పోతున్నాను’ అనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు హడావుడిగా ఆస్పత్రికి తీసుకెళ్తారు. ఈసీజీ, రక్తపరీక్షలు. తెల్లారేసరికి డాక్టర్ అనే మాట: “ఏమీ లేదండీ, అన్నీ నార్మల్.” అమ్మ వెంకన్నకు ముడుపు కడుతుంది. బాబాయ్ ‘గ్యాస్ అయ్యుంటుంది’ అని తేల్చేస్తాడు. పది రోజులకు మళ్లీ అదే దడ.

మన ఇళ్లల్లో మనసు బాధ చాలాసార్లు ఒంటి బాధగానే బయటపడుతుంది. తగ్గని తలనొప్పి, మెడ పట్టేయడం, కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం. అందుకే రిపోర్టు నార్మల్ అని వచ్చిన రోజున ఫైలు బీరువాలో పడేసి ఊరుకోవద్దు. అక్కడే, ఆ డాక్టర్నే అడగండి: “గుండెలో ఏమీ లేదంటే ఇది ఆందోళన వల్ల కావచ్చా? ఎవరికి చూపించుకోవాలి?” థైరాయిడ్ ఎక్కువైనా గుండె దడ వస్తుంది, ఆ పరీక్ష కూడా చేయించండి. ఒక్క జాగ్రత్త. ఛాతీ నొప్పి మొదటిసారి వచ్చినప్పుడు ‘ఇది టెన్షనేలే’ అని మీకు మీరే తీర్పు చెప్పుకోవద్దు, ముందు ఆస్పత్రికే వెళ్లాలి.

మొదట్లో చెప్పిన ఆ రాత్రి దడను డాక్టర్లు పానిక్ ఎటాక్ అంటారు. సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, తర్వాత దానంతటదే దిగిపోతుంది. ఎగశ్వాస వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, వేళ్ల తిమ్మిరి ఎక్కువగా దానివల్లే. ఎటాక్ వచ్చిన పది నిమిషాల కంటే ‘మళ్లీ వస్తుందేమో’ అన్న భయం మనిషిని ఎక్కువగా తినేస్తుంది. ముందు లిఫ్ట్ మానేస్తారు. తర్వాత రద్దీ బస్సు, ఆపై పెళ్లిళ్లు. చివరికి తోడు లేనిదే గడప దాటరు. ఇంట్లోవాళ్లు ‘వీడికి బద్ధకం’ అనుకుంటారు.

దీనికి థెరపీలో ఏం చేస్తారో తెలిస్తే ఆశ్చర్యపోతారు. కూర్చోబెట్టి ధైర్యం చెప్పి పంపేయరు. మీరు దేనికి భయపడుతున్నారో దాన్నే ఆ గదిలో కావాలని రప్పిస్తారు. ఉన్నచోటే పరుగెత్తమంటారు, గుండె వేగం పెరుగుతుంది. కుర్చీలో గిరగిరా తిప్పుతారు, కళ్లు తిరుగుతాయి. సన్నటి స్ట్రాతో ఊపిరి పీల్చమంటారు. ‘దడ వచ్చింది, నేను పోలేదు’ అని ఒంటికి మళ్లీ మళ్లీ అనుభవమైతే భయం పట్టు సడలుతుంది. ఇది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, సీబీటీ అంటారు. 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్ట్ వేసిన పునాది ఇది. ఏళ్ల తరబడి సాగదు. మామూలుగా పన్నెండు నుంచి ఇరవై సిట్టింగులు, మధ్యలో ఇంటిపని ఇస్తారు. ఆ ఇంటిపని ఎగ్గొట్టేవాళ్లకు ఫలితం అంతంతమాత్రమే!

డిప్రెషన్ ఇంత గోల చేయదు. రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉన్నా, ఇష్టమైన పనుల మీద ఆసక్తి చచ్చిపోయినా, దానితోపాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతిన్నా చూపించుకోవాల్సిందే. మగవాళ్లలో కొందరికి అది ఏడుపుగా కాక చిరాకుగా, కోపంగా వస్తుంది. వాళ్లకు పేరు ‘ముక్కోపి’ అని పడుతుంది కానీ వైద్యం అందదు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివినవారు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, థెరపీ చేస్తారు. వాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో మొహమాటం లేకుండా అడగండి. వారాంతపు కోర్సు చేసి ‘లైఫ్ కోచ్’ బోర్డు పెట్టినవాళ్లు వేరు. డబ్బుకు ఇబ్బందైతే ప్రభుత్వాస్పత్రుల్లో సైకియాట్రీ ఓపీలు ఉన్నాయి. ‘ఎర్రగడ్డకు పంపాలి’ అని మనం వెటకారమాడే ఆ హైదరాబాద్ ఆస్పత్రికి నిద్ర పట్టనివాళ్లూ, దిగులుతో ఉన్నవాళ్లూ కూడా వెళ్లి చూపించుకోవచ్చు. ఆ జోకు వల్ల అక్కడి గేటు దాటలేక వెనక్కి తిరిగినవాళ్లు ఎందరో!

మొదటి రోజు ఏం మాట్లాడాలో అని బెంగపడకండి. ఎప్పటినుంచి, ఎంత తరచుగా, దానివల్ల ఏ పని ఆగిపోయింది అన్నవి మూడూ ఒక కాగితం మీద రాసుకెళ్తే చాలు. వాడుతున్న మందుల చీటీ తీసుకెళ్లండి. తాగుడు అలవాటుంటే దాచొద్దు. మీరు చెప్పినవి గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందనిపించడం లాంటి కొన్ని సందర్భాలే దీనికి మినహాయింపు.

మందుల విషయంలో మన భయం తలకిందులుగా ఉంటుంది. డాక్టర్ రాసిన డిప్రెషన్ మాత్రలు ‘అలవాటైపోతాయి’ అని వారానికే ఆపేస్తాం. నిజానికి అవి పనిచేయడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, వాటి కోసం మత్తుమందులా మనసు లాగదు. అడక్కుండా ఒక్కసారిగా ఆపితేనే ఇబ్బంది. మరోపక్క మందుల షాపు అబ్బాయి చేతిలో పెట్టిన ఆల్‌ప్రాజొలామ్ నెలల తరబడి నిశ్చింతగా మింగుతాం. నిజంగా అలవాటయ్యే రకం అదే.

చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. పక్కనున్న మనిషికి చెప్పండి, ఎమర్జెన్సీ వార్డుకు వెళ్లండి, లేదా 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు అది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అంత కష్టం లేకపోయినా, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లు కూడా చేయొచ్చు.

రెండు మూడు సిట్టింగుల తర్వాత కూడా ఆ థెరపిస్ట్ దగ్గర నోరు విప్పలేకపోతున్నారా? ఆ మాటే ఆయనతో అనండి. అయినా కుదరకపోతే మరొకరి దగ్గరికి వెళ్లండి. ఎవరూ ఏమీ అనుకోరు, పాత కాగితం మాత్రం వెంట తీసుకెళ్లండి.